డిగ్రీ అయ్యాక ఏం చేయాలో డిగ్రీలో ఉండగానే తేల్చుకోవడం ఎలా

ఫైనలియర్ పిల్లల్ని "తర్వాత ఏంటి?" అని అడిగితే ఎక్కువగా వినపడే జవాబు "ఇంకా ఆలోచిస్తున్నా". ఆ ఆలోచన ఎన్నాళ్లు సాగినా తెగదు. చూడని పని గురించి ఎంత ఆలోచించినా చేతిలో ఉండేవి పక్కవాళ్ల మాటలే కదా. బ్యాంకు అంటే ఏసీ గది, సాఫ్ట్‌వేర్ అంటే ప్యాకేజీ, ఫార్మా అంటే వాసన, టీచరంటే సెలవులు. ఇలాంటి ఒక్క ముక్క మాటలు పట్టుకుని ముప్పై ఏళ్ల పని ఎంచుకోకూడదు. ఆ పనిని కొన్ని గంటలైనా చేతపట్టి చూడాలి. దానికి మొత్తం నూట యాభై గంటలు పడుతుంది. వారానికి ఆరు గంటలు పెడితే ఆరు నెలలు. మూడేళ్ల డిగ్రీవాళ్లు మూడో సెమిస్టర్ అయ్యాక, బీటెక్ వాళ్లు నాలుగో సెమిస్టర్ అయ్యాక మొదలుపెడితే సరిపోతుంది. బీటెక్‌లో ఇంకా ఆలస్యం చేస్తే ప్లేస్‌మెంట్లు మీద పడతాయి, ముందు ఏ కంపెనీ వస్తే అదే కెరీర్ అవుతుంది.

ముందు ఇంటి లెక్క

ఇష్టాలతో మొదలుపెట్టకండి. ఒక తెల్లకాగితం మీద నాలుగు సంగతులు రాయండి. డిగ్రీ అయ్యాక ఎన్నో నెలకల్లా మీ జీతం ఇంటికి కావాలి? ఆలోపు చదువుకో, కోచింగ్‌కో ఇంట్లోవాళ్లు అప్పు చేయకుండా ఎంత పెట్టగలరు? టెన్త్, ఇంటర్, డిగ్రీ శాతాలెంత, బ్యాక్‌లాగ్‌లు ఎన్ని? ఊరు వదిలి వెళ్లడానికి అడ్డం ఏదైనా ఉందా?

మొదటి ప్రశ్నకు జవాబు మీరు ఊహించి రాయొద్దు, అమ్మానాన్నల్నే అడగండి. "నీ జీతంతో మాకేం పని, నువ్వు చదువుకో" అంటారు. అన్నాక కూడా ఇంటి లోను ఎప్పటితో తీరుతుంది, చెల్లి ఫీజు ఎవరు కడతారు అని మెల్లగా కనుక్కోండి. చేతిలో ఆరు నెలలే ఉన్నవాళ్లు సివిల్స్‌కి కూర్చుంటే ఏడాది తిరక్కుండానే లేవాల్సి వస్తుంది. చదవలేక లేచారని ఊరంతా అనుకుంటుంది. నెలలు లెక్కపెట్టుకోకుండా కూర్చోవడం వల్ల వచ్చిన కష్టం అది.

శాతాలు రాసుకోమనడానికీ కారణం ఉంది. క్యాంపస్‌కి వచ్చే పెద్ద కంపెనీలు చాలావరకు టెన్త్ నుంచీ 60 శాతం అడుగుతాయి. సీఏలో మొదటి మెట్టైన ఫౌండేషన్ పరీక్ష రాయకుండా నేరుగా రెండో మెట్టైన సీఏ ఇంటర్మీడియట్‌కి వెళ్లాలంటే కామర్స్ డిగ్రీలో 55, ఇతర డిగ్రీల్లో 60 శాతం ఉండాలి. 53 దగ్గరున్న బీకాం విద్యార్థికి ఈ సంగతి రెండో ఏడాదిలో తెలిస్తే మిగిలిన సెమిస్టర్లలో పైకి లాక్కురావచ్చు. చివర్లో తెలిస్తే ఫౌండేషన్ నుంచి మొదలుపెట్టడమే.

పది పేర్లు రాసి మూడుకు తేవడం

మన పిల్లల జాబితాలో మామూలుగా నాలుగే ఉంటాయి: సాఫ్ట్‌వేర్, బ్యాంకు, గ్రూప్స్, ఎమ్మెస్. దాన్ని పదికి పెంచడానికి మీ కాలేజీ సీనియర్లే దారి. లింక్డిన్‌లో మీ కాలేజీ పేజీ తెరిచి అలమ్నై అన్నచోట నొక్కితే, పాత విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారు, ఏం పని చేస్తున్నారు, ఏం చదివారు అని విడదీసి చూపిస్తుంది. మీకంటే మూడు నుంచి ఎనిమిదేళ్లు ముందున్న బ్యాచ్‌లు చూడండి. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లు క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే ల్యాబు), క్యూఏలో (నాణ్యత పద్ధతులు పాటిస్తున్నారో చూసే విభాగం), రెగ్యులేటరీ అఫైర్స్‌లో (మందులకు ప్రభుత్వ అనుమతులు తెచ్చే పని), మెడికల్ కోడింగ్‌లో (చికిత్స వివరాలను కోడ్‌లుగా మార్చే పని), స్కూళ్లలో కనిపిస్తారు. చిన్న కాలేజీ కాబట్టి ఆ పేజీలో మనుషులు లేరంటే మీ డిపార్ట్‌మెంట్ ల్యాబ్ అసిస్టెంటుని అడగండి. ఏ బ్యాచ్‌వాడు ఎక్కడున్నాడో లెక్చరర్ల కంటే ఆయనకే బాగా గుర్తుంటుంది.

పదింటిలో కాస్త ఆసక్తి పుట్టించినవి ఐదు తీసుకుని, ఒక్కోదానికి ఫ్రెషర్ల ప్రకటనలు పదేసి చదవండి. నౌకరీ వెబ్‌సైట్‌లోనో, కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోనో దొరుకుతాయి. నోటుబుక్కులో మూడు గడులు గీయండి: ఏం చేయమంటున్నారు, ఏం వచ్చి ఉండాలంటున్నారు, ఏ ఊరు. పది ప్రకటనల్లో ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టుకుంటూ పోండి. యాభై చదివేసరికి పేర్ల వెనకున్న పనులు బయటపడతాయి. "బిజినెస్ డెవలప్‌మెంట్" అన్నచోట దాదాపు ఎప్పుడూ నెలవారీ టార్గెట్ ఉన్న అమ్మకం పనే ఉంటుంది. "ప్రాసెస్ అసోసియేట్" పక్కన రొటేషనల్ షిఫ్ట్ అని ఉంటే రాత్రి డ్యూటీలకు సిద్ధపడాలి. "డేటా అనలిస్ట్" అని రాసి లోపల ఎక్సెల్ ఎంట్రీ ఒక్కటే అడిగేవి కూడా తగులుతాయి.

ఇక మూడుకు తగ్గించండి. మూడూ పోటీ పరీక్షలే కాకుండా చూసుకోండి. కనీసం ఒకటి డిగ్రీ అయిన ఆరు నెలల్లో జీతం తెచ్చేదై ఉండాలి.

మనుషులతో మాట్లాడటం

ఒక్కో దారికి ముగ్గురు కావాలి. చేరి ఏడాది రెండేళ్లయినవాళ్లు ఒకరు, ఆరేడేళ్లు చేసినవాళ్లు ఒకరు, ఆ పని వదిలేసి బయటికొచ్చినవాళ్లు ఒకరు. ఆ మూడోవాళ్లను వెతకడం కష్టమే, అయినా వదలకండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు పైకి చెప్పుకోలేని విషయాలు వాళ్ల దగ్గరే దొరుకుతాయి.

"హాయ్ సర్, ఎనీ ఓపెనింగ్స్?" అని పెడితే జవాబు రాదు, అలాంటివి వాళ్లకు రోజూ వస్తుంటాయి. ఇలా పెట్టి చూడండి:

"అన్నా నమస్తే. నేను మన కాలేజీలోనే బీఎస్సీ కెమిస్ట్రీ, నాలుగో సెమిస్టర్. ఉద్యోగం కోసం కాదన్నా, మీరు చేసే క్యూసీ పని రోజూ ఎలా ఉంటుందో తెలుసుకుందామని. ఈ ఆదివారం మీకు వీలున్నప్పుడు పదిహేను నిమిషాలు మాట్లాడొచ్చా? నాలుగు ప్రశ్నలు రాసిపెట్టుకున్నాను."

పదేళ్లు పైబడిన సీనియర్లకు అన్నా, అక్కా బదులు సార్, మేడమ్ అని రాయండి. పదిమందికి పంపితే ముగ్గురు నలుగురు పలికినా పని జరిగినట్టే. పలకనివాళ్లకు వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి.

ఫోన్‌లో "దీనికి స్కోప్ ఉందా అన్నా?" అని అడగొద్దు. ఎవరైనా "ఉంది తమ్ముడూ" అనే అంటారు. నిన్న పొద్దున వెళ్లినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా ఏం చేశారో వరసగా చెప్పమనండి. పోయిన నెలలో బాగా విసుగొచ్చిన రోజు ఏది, ఎందుకు? మీతో చేరినవాళ్లలో ఎంతమంది ఇంకా ఉన్నారు, పోయినవాళ్లు ఎటు పోయారు? చేరినప్పుడు చేతికి ఎంత వచ్చేది, మూడేళ్లకు ఎంతైంది? సొంత జీతం చెప్పడం ఇష్టం లేకపోతే "మీ దగ్గర కొత్తగా చేరేవాళ్లకు సుమారుగా ఎంతిస్తున్నారు?" అని అడిగితే మొహమాటం లేకుండా చెబుతారు. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో అన్నీ రాసుకోండి. మర్నాటికి మీకు నచ్చిన మాటలే గుర్తుంటాయి, నచ్చనివి జారిపోతాయి.

ఒక్కో పనికి నలభై గంటలు

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే, చాలామంది దాటేసేదీ ఇదే. యూట్యూబ్‌లో ఆ పని గురించి వీడియోలు చూడటం ఈ నలభై గంటల్లోకి రాదు. చేయాలి, చేసింది ఒకరికి చూపించాలి.

అకౌంట్స్ వైపు చూసే బీకాం విద్యార్థి తెలిసిన మెడికల్ షాపులోనో కిరాణా షాపులోనో ఒక నెల కొనుగోలు బిల్లులు అడిగి తెచ్చుకోవాలి. వంద బిల్లులుంటే చాలు. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ ప్రైమ్‌లో ఎడ్యుకేషన్ మోడ్‌కు డబ్బు కట్టక్కర్లేదు. కాకపోతే అందులో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి. అందుకని అన్నీ 1వ తేదీకే వేసి, అసలు తేదీ కింద నెరేషన్‌లో (వివరణ రాసే గడి) రాసుకోండి. అన్నీ ఎక్కించాక షాపువాళ్ల జీఎస్టీఆర్-2బీతో (సరఫరాదారులు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టిక) బిల్లు బిల్లుకూ పోల్చండి. సరఫరాదారు ఎక్కించని బిల్లు ఒకటో రెండో బయటపడతాయి, వాటి క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) ఆ నెల రాదు. ఆ తేడా ఎక్కడుందో వెతుకుతూ రెండు గంటలు గడిచినా లేవబుద్ధి కాలేదంటే ఈ పని మీకు పడుతుంది. ఇరవయ్యో బిల్లుకే తలనొప్పి వచ్చిందంటే దాన్నీ రాసుకోండి. నెలనెలా 11వ తేదీన జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20న జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్ను) గడువులు ఉన్నప్పుడు ఆఫీసులో ఇదే పని రాత్రి దాకా సాగుతుంది.

ఫార్మా క్యూసీ ల్యాబులోకి బయటివాళ్లను రానివ్వరు. కానీ ఆ పనికి కావాల్సిన బుద్ధిని కాలేజీ ల్యాబులోనే పరీక్షించుకోవచ్చు. లెక్చరర్ అనుమతితో ఒకే టైట్రేషన్‌ను పదిసార్లు చేయండి. ప్రతి రీడింగూ తీసిన వెంటనే, టైముతో సహా, పెన్నుతో రాయండి. తప్పు పడితే వైట్‌నర్ పెట్టకూడదు, దిద్దకూడదు. కింద అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. కంపెనీల్లో పద్ధతి అదే. ఎనిమిదో రీడింగు పక్కకు పోయినప్పుడు "ఎవరు చూస్తారులే" అని మార్చేయాలనిపించిందా, ఎందుకు పోయిందో కనుక్కోవాలనిపించిందా? క్యూసీలో మీరు ఉండగలరో లేదో అక్కడ తెలిసిపోతుంది.

డేటా పని చేసి చూడాలంటే ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ నుంచి మీ జిల్లా వర్షపాతం, పంటల విస్తీర్ణం ఫైళ్లు దించుకుని రెండింటినీ మండలాల వారీగా కలపండి. మండలం పేరు ఒక దాంట్లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటుంది. జిల్లాలు విడిపోయినచోట పాత లెక్కలు కొత్తవాటితో కుదరవు. చార్టు గీయడం ఒక గంట, శుభ్రం చేయడం ఇరవై గంటలు. ఉద్యోగంలోనూ పాళ్లు దాదాపు అలాగే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అయితే కొత్త ప్రాజెక్టు రాయడం కంటే, వేరేవాళ్లు రాసిన కోడ్ తెచ్చుకుని అందులో తప్పు పట్టుకోవడం మీద గంటలు పెట్టండి. కొత్త ఉద్యోగి చేతికి వచ్చేది ఎక్కువగా అదే. టీచింగ్ అనుకునేవాళ్లు వీధిలో ఎనిమిదో తరగతి పిల్లలు ఐదుగురికి మూడు వారాలు లెక్కలు చెప్పండి. అర్థంకాని పిల్లాడికి అదే లెక్క నాలుగోసారి చెప్పేటప్పుడు మీ గొంతు ఎలా ఉందో గమనించుకోండి.

రోజూ పని అయ్యాక నాలుగు లైన్లు రాయాలి: ఎన్ని గంటలు, ఏం చేశాను, ఎక్కడ ఆగాను, రేపు మళ్లీ కూర్చోవాలనిపిస్తోందా. మొదటి పదిహేను గంటలను లెక్కలోకి తీసుకోవద్దు, కొత్త పని ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. పదిహేను నుంచి నలభై వరకు రాసినవే చూడండి.

పునాది నేర్చుకోవడానికి ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులు మంచివి. వినడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు 1,000 రూపాయలు. అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 రావాలి. కోర్సులు నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలవి ఉంటాయి. రుచి చూడటానికి నాలుగు వారాలది చాలు.

పరీక్షల దారికి వేరే పరీక్ష

పోటీ పరీక్షల దారిని నలభై గంటలు చదివి కొలవలేం. మొదటి రోజే ఏమీ చదవకుండా పాత ప్రశ్నపత్రం రాయండి. బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ప్రిలిమ్స్ అయితే గంటలో 100 ప్రశ్నలు, మూడు విభాగాలు, ఒక్కోదానికి 20 నిమిషాలు, తప్పుకు పావు మార్కు కోత. నలభై గంటలు అభ్యాసం చేసి మళ్లీ రాయండి. మార్కులు కదిలాయా లేదా అన్నదే చూడాలి, ఎన్ని వచ్చాయన్నది తర్వాత. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ అయితే మూడేసి గంటల పేపర్లు, అర్హత కోసం రాసే ఇంగ్లిష్ కాక ఆరు. ఒక ఆదివారం మూడు గంటలు కదలకుండా వ్యాసాలు రాసి, తెలుగులో రాస్తే వేగం వస్తోందో ఇంగ్లిష్‌లో వస్తోందో తేల్చుకోండి. ఇది తేలకుండా కోచింగ్ కోసం హైదరాబాద్ చిక్కడపల్లిలో గది తీసుకోవద్దు.

ఈ దారిలో మీ కష్టానికి సంబంధం లేని కాలం కూడా పోతుంది. తెలంగాణలో 503 గ్రూప్-1 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. 2022లో డిగ్రీ పూర్తిచేసి కూర్చున్న విద్యార్థి మెయిన్స్ రాసేసరికి రెండున్నరేళ్లు. బాగా చదివినవాళ్లకూ అంతే పట్టింది. కాబట్టి మొదలుపెట్టే రోజే ఆపే తేదీ రాయండి, "ఇన్ని అటెంప్టులు" అని కాకుండా "ఫలానా నెల" అని. అటెంప్టు మీ చేతిలో లేదు, నెల మీ చేతిలో ఉంది.

బ్యాంకు కోసం నంద్యాల, డీఎస్సీ కోసం అవనిగడ్డ వెళ్లాలనుకుంటే ముందు ఇంటి దగ్గరే రెండు నెలలు చదివి వెళ్లండి. ఏం రావడం లేదో తెలిసి వెళ్లినవాళ్లకే ఆ ఫీజు గిట్టుబాటవుతుంది.

ఇంటర్న్‌షిప్, డబ్బు, మోసాలు

ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు చదువులో భాగమే. వాటిని సర్టిఫికెట్ కొనుక్కుని గడిపేసేవాళ్లున్నారు. చేతికొచ్చిన నెలల్ని అలా పారేసుకోకండి. మీ మూడు దారుల్లో ఒకదానికి దగ్గరున్న చోటే అడగండి, చిన్న ఆడిటర్ ఆఫీసైనా సరే. చేరేముందు "నాకు రోజూ పని చెప్పేది ఎవరు?" అని ఒక్క ప్రశ్న వేయండి. పేరు చెప్పలేకపోతే అక్కడ నేర్చుకునేదేమీ ఉండదు.

ఇంటర్న్‌షిప్‌కి మీరే డబ్బు కట్టాలన్నా, ఉద్యోగానికి డిపాజిట్ అడిగినా, అమీర్‌పేటలో ఎవరైనా "బ్యాక్‌డోర్ ఉంది, రెండు లక్షలు" అన్నా అక్కడితో మాట ఆపేయండి. ఆఫర్ లెటర్ ముందే చూపించినా సరే.

జీతం మాట వచ్చినప్పుడు సీటీసీని (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) పన్నెండుతో భాగించి మురిసిపోవద్దు. 3.6 లక్షల ప్యాకేజీ తీసుకోండి, నెలకు 30,000. అందులో పది శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) అయితే 3,000 పోయింది. బేసిక్ 15,000 అనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ము) కోసం 721 సీటీసీలోనే కలిపి ఉంటాయి. మిగిలింది 24,479. మీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 తీస్తే చేతికి 22,479. అందులోంచి హైదరాబాద్ హాస్టల్, బస్సు, తిండి తీసేసి, మొదటి కాగితం మీద రాసిన ఇంటి అవసరం పక్కన పెట్టి చూడండి.

అమెరికా ఎమ్మెస్‌కీ ఇలాంటి లెక్కే వేయాలి. చదువయ్యాక ఓపీటీ (అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ మీద ఆధారం. అంటే లోను తీరుతుందా అని వేసే లెక్క ఈ మూడేళ్లలోపే కుదరాలి. స్టెమ్ కాని కోర్సుకు ఏడాదే ఉంటుంది. కన్సల్టెన్సీ మాట మీద ఆగకుండా మీ కోర్సు కోడ్ ఆ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి.

తేల్చి ఇంట్లో చెప్పడం

మూడు దారుల కాగితాలు పక్కపక్కన పరిచి, పదిహేనో గంట తర్వాతి లైన్లు చదవండి. మళ్లీ కూర్చోవాలనిపించిన పని, ఇంటి లెక్కకు సరిపోయేది మొదటి దారి. రెండోది దానికి దగ్గరగా ఉండాలి. బ్యాంకుకు చదివింది ఎస్‌ఎస్‌సీకి (కేంద్ర ఉద్యోగాల స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలు) చాలావరకు పనికొస్తుంది. ఇంజినీరింగ్ వాళ్లు గేట్ స్కోరును ఎంటెక్‌కీ, కొన్ని ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగాలకూ కలిపి చూసుకోవచ్చు. గ్రూప్స్‌తో పాటు కోడింగ్ నేర్చుకుంటానంటే రెండూ సగమే అవుతాయి.

రెండూ ఇష్టంగానే ఉండి తేలకపోతే, మీరు మాట్లాడిన ఆరేడేళ్ల సీనియర్లను గుర్తు తెచ్చుకోండి. ఎవరి నిన్నటి రోజు మీకు వచ్చినా ఫర్వాలేదనిపిస్తోందో అటు వెళ్లండి.

ఇంట్లో చెప్పడానికి భోజనాల వేళ మంచిది కాదు, చుట్టాలు వచ్చినప్పుడు అసలే వద్దు. ఒక పేజీలో రాసి నాన్న చేతికివ్వండి: ఏ దారి, ఎన్ని నెలలు, ఎంత ఖర్చు, ఆపే తేదీ, ఆ తర్వాత రెండో దారి. "నాకు ఇష్టం నాన్నా" అన్న మాటకు ఎదురుచెప్పే పెద్దవాళ్లు కూడా తేదీలు, అంకెలు ఉన్న కాగితాన్ని కూర్చుని చదువుతారు. వాళ్లు అడిగిన ప్రశ్నల్లో మీకు జవాబు తెలియనివి ఉంటే కోపగించుకోకుండా రాసుకోండి, వారంలో కనుక్కుని చెప్పండి.

ఆపే తేదీ వచ్చి, పని అవ్వకపోతే, "ఇంకొక్క నోటిఫికేషన్ చూద్దాం" అనకుండా ఆ వారంలోనే రెండో దారిలో మొదటి దరఖాస్తు పెట్టండి. రెజ్యుమెలో ఖాళీ కాలం ఎదురుగా ఉన్నది ఉన్నట్టే రాయండి: ఏ పరీక్ష, ఎక్కడిదాకా వచ్చారు, ఆ కాలంలో ఏం నేర్చుకున్నారు. ఇంటర్వ్యూలో అడిగితే రెండు వాక్యాల్లో చెప్పి, మీ నలభై గంటల పని తీసి చూపించండి. ఆ ఖాళీని నింపడానికి దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ మాత్రం కొనొద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు) రికార్డు చూస్తారు. ఆ కంపెనీ పేరు అందులో లేకపోతే చేరిన ఉద్యోగం కూడా పోతుంది.